గాలిలోనుండి వచ్చిన బొమ్మ

మసకబారిన యక్షరమును భూతద్దముతో చూచినచో అక్షరము పెద్దదగును. మసకయు దానితోపాటు పెద్దదగును. ఈ చిన్న సంగతి తెలియకపోవుటచే మా విజయనగర, శ్రీకాకుళ ప్రాంతములయందు ఒక తరమువారు బూస్టరు అను పెట్టెకై ఎంత ధనము వెచ్చించిరో లెక్కింప నలవికాదు. నేను భాషోపాధ్యాయుడను, విద్యుచ్ఛాస్త్రము నా వృత్తి గాదు. అయినను బాల్యమున మిద్దెలమీద యాంటెన్నాలు త్రిప్పిన చేతులివి. ఆ త్రిప్పుటలోని యర్థమును తరువాత ఇంగ్లీషు పుస్తకముల సాయమున గ్రహించితిని గనుక నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977 అక్టోబరులో ఆరంభమైనది. కాని హైదరాబాదెక్కడ, శ్రీకాకుళమెక్కడ! నడుమనున్న 500 కిలోమీటర్లకు పైబడిన దూరమును ఆ తరంగములు దాటజాలవు. 1982లో రంగుల ప్రసారము, 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము వచ్చిన పిమ్మట, 1984 ప్రాంతమున దేశమందలి పట్టణములలో 100 వాట్ల చిన్న ప్రసారయంత్రములు విరివిగా వెలసినవి. అట్టివి పట్టణమునకును చుట్టుపట్ల గ్రామములకును సరిపోవునే గాని అంతకుమించి పోవు. మా యూరు చీపురుపల్లి ప్రాంతమున నున్నది. విజయనగరమునకు 28 కిలోమీటర్లు, విశాఖపట్టణమునకు 80కి దగ్గఱ. అనగా వెలుగునకును చీకటికిని నడిమి గట్టుమీద నున్న యూరు. బొమ్మ ఉన్నదనిన నున్నది, లేదనిన లేదు.

1987 జనవరిలో రామాయణ ధారావాహిక మొదలైననాటినుండి ఆదివారపు టుదయములు మాకు పండుగలైనవి. ఊరికంతకు పెద్దయింటి టీవీ యొక్కటే. అరుగుమీద పెద్దలు, నడవలో స్త్రీలు, ముంగిట పిల్లలు. దళితవాడనుండి వచ్చినవారు మాత్రము కిటికీ వెలుపల, కంచెదగ్గఱ నిలువవలసినదే. ఆ నియమము నెవరును వ్రాసిపెట్టలేదు, ఎవరును తప్పలేదు. మిద్దెమీద ఒక పిల్లవాడు, గుమ్మమువద్ద ఒక పెద్దమనిషి:

“ఒరే గుంటడా, విశాఖ దిక్కుకి కాసింత తిప్పు!”

“ఇప్పుడు బాగుందేటి మావా?”

“వచ్చీసింది, వచ్చీసింది... అయ్యో, పోయింది! ముందరలాగే ఉంచీ!”

ఆ అల్యూమినియపు కడ్డీల నిచ్చెన 1926లో జపానుదేశమున సెండాయి నగరమందలి విశ్వవిద్యాలయములో పుట్టినది. షింతారో ఉదా యనునతడు శ్రమించి కనిపెట్టగా, ఆచార్యుడైన యాగి పేరనే లోకము చాలకాలము దానిని పిలిచినది. (ఇట్టివి మన విద్యాలయములయందును జరుగకపోలేదు.) తరంగము పొడవులో సగమే కడ్డీ పొడవు: 200 మెగాహెర్ట్జ్ తరంగము మీటరున్నర, కాబట్టి కడ్డీ ముప్పాతిక మీటరు. వెనుకకడ్డీ కొంచెము పొడుగు, ముందుకడ్డీలు కొంచెము పొట్టి; ముందువైపునుండి వచ్చినదానిని కూడగట్టి, వెనుకనుండి వచ్చినదానిని త్రోసిపుచ్చును. శబ్దము ఆకాశగుణమని తార్కికులు నాకు నేర్పిరి. ఈ తరంగము శబ్దము గాదు, వెలుగునకు తోబుట్టువు. కనుకనే కొండ అడ్డమైనచో వెనుకనున్న యూళ్ళు నీడలో పడును. కొండనుండి పరావర్తనమైన తరంగము ఆలస్యముగా వచ్చి ఒక్కొక్క మనిషి ప్రక్కన రెండవ నీడమనిషిని నిలుపును.

భూమి గుండ్రముగా నున్నది గనుక ఎత్తే ప్రధానము. 100 మీటర్ల యెత్తునుండి వెడలిన తరంగము యొక్క దిగంతము ఇంచుమించు 41 కిలోమీటర్లు. మన యాంటెన్నా 4 మీటర్ల యెత్తున నున్నచో దానికి మఱి 8 చేరును. 9 మీటర్లయందున్నచో 12. ఆ మేర దాటినచోట దొరకునది తరంగపు తునుకలే.

పెద్దయింటివారు పట్టణమందలి యొక దుకాణదారుని మాటపై బూస్టరు కొనిరి. చాలక రెండవదానిని దానివెనుక తగిల్చిరి. రెండు పెట్టెలును టీవీ ప్రక్కన బల్లమీదనే. యాంటెన్నా మాత్రము పిట్టగోడ కానుకొని కొబ్బరిమట్టల చాటున నుండెను. దానినుండి దిగిన రిబ్బను తీగ పాతది. అతుకులలో చెమ్మ, కొసలలో చిలుము. బలహీనమైన తరంగములో చాలభాగము ఆ తీగలోనే నశించును. మిగిలినదానితో యంత్రముల రొద కలియును. బూస్టరు రెంటిని వివక్ష లేక పెంచును. ఇంకేమి, చుక్కలు పూర్వముకంటె ప్రకాశవంతములైనవి! అదే పెట్టెను స్తంభము కొనయందు, యాంటెన్నా చెంతనే కట్టినచో, తీగలో నశింపకమునుపే తరంగమునకు బలము చేకూరును. ప్రసారకేంద్రమునకు దగ్గఱనున్న యింట మాత్రము బూస్టరు మేలు చేయకపోగా మంచి బొమ్మను చెఱచును.

1989లో, మహాభారతము నడుచుచుండగా, దళితవాడ యువకులు చందాలు వేసికొని పాత నలుపు తెలుపుల టీవీ నొకటి తెచ్చిరి. బూస్టరునకు డబ్బు లేదు. వారిలో నొకడు విజయనగరమున రేడియోలు బాగుచేయు కొట్టులో పనిచేసినవాడు. అతడు రెండు వెదుళ్ళు జతగట్టి, 10 మీటర్ల యెత్తున యాంటెన్నా నిలిపి, మూడు దిక్కుల మోకులు లాగి, అతుకులేని క్రొత్త తీగను దింపెను. బొమ్మ కదలక నిలిచెను. తరువాతి ఆదివారము పెద్దయింటి చిన్నకోడలు పిల్లలను వెంటబెట్టుకొని అచటికి బోయి, వారు పఱచిన చాపమీద గూర్చుండెను. మామగారు మూడు దినములు మాటలాడలేదట. ఆమె మఱుసటి ఆదివారమును బోయెను.

కడకు ఆయనయే ఆ యువకుని పిలిపించి, తమ యాంటెన్నా సరిచేయుమనిరి. మిద్దె మెట్లు ఇంటిలోపల నున్నవి. నడవ దాటక పైకెక్కుటకు వీలులేదు. ఆ నడవను అంతవఱకు ఆ వాడవారెవరును త్రొక్కలేదు. యువకుడు గుమ్మమువద్ద తీగచుట్ట చేతబట్టుకొని నిలిచెను. “ఎలాగెక్కమంటారు బాబూ?” అని యడిగెను. పెద్దాయన కొంతసేపు గోడవైపు చూచి ప్రక్కకు జరిగెను. గంట గడచిన పిమ్మట యువకుడు దిగివచ్చి, బూస్టర్లు రెండును విప్పి ఆయన చేతిలో పెట్టెను.

ఆ ప్రసారముల కాలము ముగిసినది. 2004లో ఉచిత డిష్ సేవ వచ్చినది. వ్యూహాత్మకమైన కొన్ని స్థలములు తక్క తక్కినచోట్ల పాత ప్రసారయంత్రములను 2022 మార్చిలోగా నిలుపుటకు ప్రసారభారతి నిశ్చయించినది. ఖర్చు తలచినచో అది న్యాయమే. కాని 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు స్తంభములు కూలి, ఉద్దానపు గ్రామములు దినములతరబడి చీకటిలో నుండెను. కరెంటు లేని డిష్ గోడకు వ్రేలాడు పళ్ళెము. బ్యాటరీ రేడియో గల యిల్లే యిల్లనిపించుకొన్నది.

అందుచే నిరుడు మా బడిలో తొమ్మిదవ తరగతి పిల్లలచేత ఎఫ్.ఎం. రేడియోకు యాగి-ఉదా యాంటెన్నా చేయించితిని. 100 మెగాహెర్ట్జ్ తరంగము 3 మీటర్లు; కడ్డీ మీటరున్నర. కొలతలన్నియు ఒక బాలిక వేసినది. కరెంటు తీగలకు దూరముగా స్థలమును గూడ ఆమెయే చూచినది. పైకెక్కి కట్టు వేళకు బాలురు ముందుకు రాగా ఆమె, “లెక్క నేనేసేనండి మాస్టారూ, కట్టడం కూడా నేనే కడతాను” అన్నది. నిచ్చెన పట్టుకొనుటకు ఇద్దరు బాలురను నిలిపితిని.