బూరుగులంక రేవు దాటిన పుస్తకాలు

రాజమండ్రిలో బయల్దేరేసరికి కారు వెనక సీటు నిండా లంకల బడికి పట్టుకెళ్లే పుస్తకాల అట్టపెట్టెలే. అమెరికాలో స్థిరపడ్డ మన గోదావరి వాళ్లు కొందరు డబ్బు పంపితే కొత్త పుస్తకాలు కొన్నాం. పాతవి ఊళ్లో ఇంటింటా అడిగి తెచ్చాం. ఆ పాతవాటిలో సగానికి పైగా ముందురోజు రాత్రే తీసి పక్కన పడేశాం. ఎప్పటివో ఎంసెట్ గైడ్లు, అట్టలూడిన డిక్షనరీలు, ఎవరి పెళ్లిలోనో పంచిన స్తోత్రాలు. లంకల పిల్లలకి ఇవి చాల్లే అనుకునే దానం మీద నాకేమీ గౌరవం లేదు.

ధవళేశ్వరం రాగానే పైపెట్టెలో ఉన్న ‘బుడుగు’ గుర్తొచ్చింది. దాన్ని రాసిన ముళ్లపూడి వెంకటరమణ పుట్టింది ఈ ఊళ్లోనే. బొమ్మలేసిన బాపు పుట్టింది దిగువన, వశిష్ఠ పాయ ఒడ్డున నరసాపురంలో. ఇద్దరినీ కలిపి గోదారి పిల్లల దగ్గరికే మోసుకుపోతున్నామన్నమాట! బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా రావులపాలెం చేరితే అక్కడ అరటి గెలల లారీలు దారిస్తే గానీ కదల్లేకపోయాం.

బూరుగులంక రేవు పి.గన్నవరం మండలంలోది. అవతల బూరుగులంక, అరిగెలవారిపేట, ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక. ఎండాకాలం మధ్యనున్న గోదావరి పాయలో మట్టి రోడ్డు వేసుకుని నడుస్తారు. వరదొస్తే అది కొట్టుకుపోతుంది, ఇక పడవే గతి. మేం వెళ్లింది దసరా సెలవులయ్యాక. వరద తీసింది కానీ రోడ్డు ఇంకా పడలేదు.

“ఏటండీ బాబూ ఇంత బరువు? సిమెంటా?” అన్నాడు పడవాయన.

“పుస్తకాలండి, బడికి.”

“ఆయ్! అయితే తడవకుండా మధ్యలో పెట్టండి.”

పడవలో పుస్తకాలంటే పాతూరి నాగభూషణం గారిని తలుచుకోకుండా ఎలా? 1935లో కృష్ణా డెల్టాలో, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద ఆయన గ్రంథాలయ పడవ నడిపించారు. గ్రంథాలయ ఉద్యమానికి పెద్దదిక్కు అయ్యంకి వెంకటరమణయ్య గారిది మన తూర్పుగోదావరే, కొంకుదురు. ఊళ్లో గ్రంథాలయం లేకపోతే గ్రంథాలయమే ఊరికి వెళ్లాలన్న పట్టుదల వాళ్లది. ఇప్పుడు మనం పెట్టెలు దింపి, ఫొటో దిగి వచ్చేస్తున్నాం.

అవతల ఒక బడికి చేరేసరికి మధ్యాహ్న భోజనం వేళ. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ వచ్చినవాళ్లకి లేదనకుండా అన్నం పెట్టింది ఈ మండలంలోని లంకల గన్నవరంలోనే, నూరేళ్లు దాటిన మాట. చేతులు కడుక్కున్న పిల్లలు తడి చేతులు లాగులకి తుడుచుకుంటూ పెట్టెల చుట్టూ మూగారు. నున్నటి ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు ముందు చేతులు మారాయి, గబగబా పేజీలు తిరిగాయి, బల్ల మీదికి వచ్చేశాయి. ‘బుడుగు’ దొరికిన ఐదో తరగతి పిల్ల మాత్రం గోడకి జారబడి, పైకి చదువుతూ, తనే నవ్వుకుంటూ గంట కొట్టినా లేవలేదు.

“బీరువాలో పెట్టి తాళం వేస్తారా మేష్టారూ?” అని అడిగాను, కొంచెం ఎత్తిపొడుపుగానే.

“బీరువా దాకా నీళ్లొస్తాయండి మాకు,” అన్నారాయన. “తలా ఒకటి ఇంటికిచ్చేస్తాను. వరదొస్తే బియ్యం మూటతో పాటు అదీ అటకెక్కిస్తారు. ఒకటో రెండో పోతాయి, పోనివ్వండి. కానీ ఇవి చదివేశాక ఏం చెయ్యమంటారు?”

ఈ ప్రశ్నకి దాతల దగ్గర జవాబుండాలి. మీరూ పుస్తకాలిద్దామనుకుంటే, మీ పిల్లలకి కొనేలాంటివే కొనండి, తెలుగువి కొనండి. ఉన్న డబ్బంతా మొదటి విడతకే ఖర్చుపెట్టకండి. పెట్టె మార్చడానికి మళ్లీ రేవు దాటే మనిషికి పడవ కిరాయి మిగల్చండి.