కార్డులోని గుట్టు

ప్లాస్టిక్‌తో చేసిన ప్రతి కార్డునూ స్మార్ట్‌కార్డు అనడం వాడుకలో స్థిరపడిపోయింది గాని, ఆ పేరుకు అర్హత తెచ్చేది ప్లాస్టిక్ కాదు, అందులో ఇమిడిన చిప్. బ్యాంకు కార్డు మీద మెరిసే బంగారురంగు రేకునే చాలామంది చిప్ అనుకుంటారు. అది యంత్రంతో విద్యుత్ సంబంధం కలిపే పలక మాత్రమే, అసలు చిప్ దాని అడుగున, కార్డుకున్న 0.76 మిల్లీమీటర్ల మందంలోనే ఒదిగి ఉంటుంది. 1974లో ఫ్రెంచి ఆవిష్కర్త రోలాఁ మొరెనో పేటెంటు కోరిన ఈ ఆలోచన, 1980లలో ఆ దేశపు టెలిఫోన్ బూత్‌ల ద్వారా సామాన్యుల చేతికి వచ్చింది.

వెనుక నల్లని అయస్కాంత పట్టీ ఉన్న పాత కార్డు, గీకిన ప్రతిచోటా ఒకే సమాచారాన్ని అప్పగిస్తుంది కనుక, దొంగచాటుగా దాన్ని నకలు తీసినవాడు నకిలీ కార్డు చేసుకోగలిగేవాడు. చిప్ అంత అమాయకురాలు కాదు. తనలోని రహస్య సంఖ్యను, అంటే సాంకేతిక పరిభాషలో ‘కీ’ని, ఎవరికీ చెప్పకుండానే దానితో లెక్కకట్టి లావాదేవీకొక కొత్త సంకేతం ఇస్తుంది, ఒకసారి వాడిన సంకేతం మరోసారి చెల్లదు. మన దేశంలో బ్యాంకులన్నీ 2018 చివరికల్లా చిప్ కార్డులకు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టడానికి కారణం ఇదే.

మెట్రో గేటు దగ్గర జరిగేది మరింత ముచ్చటైనది. ఆ కార్డులో బ్యాటరీ ఉండదు. గేటులోని పరికరం 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను వెదజల్లుతుంటే, కార్డు లోపల చుట్టలుగా పరచిన సన్నని తీగ వాటినుంచే కాస్త కరెంటు పుట్టించుకుంటుంది, దానితో చిప్ మేల్కొని, రెప్పపాటులో లెక్క తేల్చి, మళ్లీ నిద్రపోతుంది. పర్సు తెరవకుండానే తాకించే అలవాటున్నవారికి గేటు ఒక్కోసారి మొరాయించడానికి కారణం, లోపలున్న రెండు మూడు కార్డులు ఒకేసారి మేల్కొని బదులు పలకడమే.

ఏ కార్డూ లేకుండా నగదుతోనే నెట్టుకొస్తున్నామనుకునేవారి సెల్‌ఫోనులోనూ ఒక స్మార్ట్‌కార్డు ఉంటుంది. సిమ్ అనేది మొదట్లో పూర్తి కార్డు పరిమాణంలోనే వచ్చి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తరిగిపోగా గోరంత మిగిలిన స్మార్ట్‌కార్డే. ఇక, స్మార్ట్‌కార్డు అని పిలుచుకుంటూ ఎందరో పర్సులో భద్రంగా దాచుకున్న ఆధార్ పీవీసీ కార్డులో క్యూఆర్ కోడ్ ఉంది గాని, చిప్ లేదు.