మూడు చక్రముల బాటసారి

బ్యాటరీతో నడచు మూడు చక్రముల బండిపై కూర్చున్న వికలాంగుడు వాహనచోదకుడా, పాదచారియా? వినోదార్థము వేసిన ప్రశ్న కాదిది. మా స్వగ్రామమగు రోలుగుంటలో ఒక వృద్ధ దర్జీ క్షేమము దీనిపై ఆధారపడియున్నది. బాల్యమున పోలియో సోకి కాళ్ళు చచ్చుబడిన ఆయనను మేము చాచా అని పిలుచుకొందుము. చేతితో త్రిప్పు బండితో యౌవనమంతయు గడిపి, భుజములు అరిగిన పిమ్మట ఆయన బ్యాటరీబండికి మారినారు.

గత శీతకాలమున మగ్రిబ్ నమాజు ముగించుకొని వచ్చుచుండగా వెనుకనుండి వచ్చిన చెరకు ట్రాక్టరు ఆయనను రాచుకొని పోయినది. ముంజేయి గీరుకొనిపోవుటతో ఆపద గడచినది. బండి వెనుక ఎర్రని రిఫ్లెక్టరు ఉండనే ఉన్నది; కాని దానిపై గుడ్డలసంచి వ్రేలాడుచుండెను! బండి అమ్మివేయుదుమని కుమారులు పట్టుబట్టినారు. చాచా మాతో అన్నమాట: "మాస్టారూ, బండి తీసేస్తే నా కాళ్ళు రెండోసారి పోయినట్టే."

కేంద్ర మోటారు వాహనముల నియమావళి (1989) ప్రకారము, గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించిన బ్యాటరీబండి శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును, బ్యాటరీ మినహా బరువు 60 కిలోలకును లోబడియున్నచో అది మోటారు వాహనము కాదు. తగిన బ్రేకులు, ముందు తెల్లని, వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు మాత్రము ఉండవలెను. వాహనము కాదన్నారు, సరే, మరి ఏమైనట్లు? జపానులో గంటకు 6 కిలోమీటర్లు మించని విద్యుత్ కుర్చీలో పోవువానిని చట్టమే పాదచారిగా ఎంచుచున్నది. బ్రిటనులో ఇట్టి బండి కాలిబాటపై గంటకు 4 మైళ్ళు మించరాదు. పెద్దతరగతి బండికి రోడ్డుపై 8 మైళ్ళవరకు అనుమతి కలదు. చాచా వచ్చు దారికి కాలిబాటయే లేదు!

వేగము పెంచుటకై మెకానిక్కుల చేత తీగెలు మార్పించుకొనువారిని చూచి మేము భయపడుచున్నాము. ముందు ఒకే చక్రము గల బండిని మలుపులో వేగముగా త్రిప్పినచో ప్రక్కకు ఒరగును. 25 దాటినచో చట్టమిచ్చిన మినహాయింపును పోవును. మోటారు సైకిళ్ళు గల మా విద్యార్థులకు ఇది హాస్యముగా తోచవచ్చును. వారి హారన్లకు చాచా ఉలికిపడుట మేమెరుగుదుము.

నడకవేగము మించక, నడుచువారివలె, ఎదురు వాహనములు కనబడునట్లు కుడి అంచున పొమ్మని మేము చెప్పితిమి. ఇది మా అభిప్రాయమే గాని శాసనవాక్యము కాదు. కుమారులు ఎడమవైపే క్షేమమందురు. చాచా సంచిని ఒడిలోనికి మార్చుకొన్నారు. బండిని అమ్ముటకు మాత్రము ఒప్పుకొనలేదు.