నీలగిరి వేద్దామా అని అడిగే అన్నదమ్ములకు

ఈ ఏడాది సెలవు మీద ఊరికి పోయి వచ్చినవాళ్లు చాలామంది మమ్మల్ని ఒకటే మాట అడుగుతున్నారు. "రెండెకరాలు పడావు పడ్డది. కైకిలోళ్లు దొరుకుతలేరు. నీలగిరి వేస్తే నాలుగేండ్ల దాకా తిరిగి చూసే పని లేదంట. వేద్దామా?" ఖమ్మం, గోదావరి జిల్లాల వాళ్లు దీన్నే జామాయిల్ అంటారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాద్దామని శుక్రవారం కూర్చున్నాం. మా రూమ్‌లో ఐదుగురం. అందరిదీ కన్‌స్ట్రక్షన్ లైనే, అందరికీ ఊర్లో ఎంతో కొంత భూమి ఉంది.

ముందు ఈ చెట్టు ఎక్కడిదో తెలుసుకోవాలి. నీలగిరిలో వందల రకాలు ఉన్నాయి. కాగితం మిల్లుల కోసం మన దగ్గర ఎక్కువగా వేసేవి కమాల్డులెన్సిస్, టెరెటికార్నిస్ జాతులు, వాటి కలుపు రకాలు. ఈ కమాల్డులెన్సిస్ నది ఒడ్డు చెట్టు. ఆస్ట్రేలియాలో ముర్రే నది పక్కన బార్మా అడవి అని ఉంది, అంతా ఇదే చెట్టు. వరద వచ్చి నెలల తరబడి మొదళ్లు నీళ్లలో ఉన్నా చావదు. నీళ్లు తీసినంక వేళ్లు కిందికి పోయి తడిని వెతుక్కుంటాయి. దీని పేరు మాత్రం ఇటలీది. నేపుల్స్ దగ్గర కమాల్డులి మఠం దగ్గరున్న ఒక ప్రైవేటు తోటలో పెరిగిన చెట్టును చూసి 1832లో ఆ పేరు పెట్టారు.

నది పక్కన పుట్టినోడికి నీళ్లు లెక్కబెట్టి తాగే అలవాటు ఉండదు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయొద్దో మీకే తెలుస్తుంది.

మెట్ట చెల్కలో ఎకరం ఎకరం నిండా వేస్తే పడ్డ వానలో చాలా భాగం అదే తాగేస్తుంది. భూమిలోకి ఇంకేది తక్కువ అవుతుంది. 2017లో కర్ణాటక సర్కారు కొత్తగా నీలగిరి నాటొద్దని ఆర్డర్ ఇచ్చింది ఈ నీళ్ల గోల వల్లనే. కోలార్ వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటినాయి. దానికి కారణాలు ఇంకా ఉన్నాయి, అంతా చెట్టు మీదనే వేయలేం. కానీ ఒకటి ఆలోచించండి. మన చేను పక్కన ఒకరి బోరు ఉంటది. రేపు అది ఎండితే కారణం ఏదైనా, మాట మన చెట్ల మీదికే వస్తది. మనం ఇక్కడ ఏసీ బస్సులో సైటుకు పోతుంటాం. ఆ మాట పడేది అక్కడ మన అమ్మా బాపు. రోజూ ముఖం చూసుకునే మనుషులతో వాళ్లకు తగువు తెచ్చి పెట్టొద్దు.

మరి ఎక్కడ పనికొస్తది? నీళ్లు నిలిచే చోట.

మా రూమ్‌లో తమ్ముడొకడిది జగిత్యాల వైపు. రెండెకరాలు శ్రీరాంసాగర్ కాలువ కింద ఉంది. కాలువ ఊట దిగి పొలం ఎప్పుడూ బురదనే. హార్వెస్టర్ దిగబడేది. పసుపు వేస్తే కొమ్ము కుళ్లేది, మక్క పచ్చబడి పోయేది. 2017 వానాకాలంలో కాలువ వైపు గట్టు వెంబడి రెండు వరుసలు నాటించినాం. మొక్కకూ మొక్కకూ రెండు మీటర్లు. మొదటి ఏడాది కలుపు తీయించినాం, మేకలు రాకుండా కంప కట్టించినాం. తిరిగి చూసే పని లేదనేది ఉత్త మాట. మూడో ఏడుకు వరుసకు దగ్గరున్న ముప్పై నలభై అడుగుల నేల ఆరింది. మొదట గడ్డి వేసి, తర్వాత మక్క వేసినారు. దూరంగా ఉన్న కింది మడి ఇప్పటికీ వరికే, అక్కడిదాకా చెట్టు పని చేయలేదు. హర్యానాలో హిసార్ వైపు కూడా నీళ్లు నిలిచే పొలాల గట్ల మీద ఇట్లనే వరుసలు నాటి, మధ్యలో గోధుమ తీసినారు. దాన్ని బయోడ్రైనేజ్ అంటారు.

2021లో ఒక వరుస కొట్టించినాం, ఒకటి ఉంచినాం. రెండూ ఒకేసారి కొడితే ఊట మళ్లీ పైకి వస్తది. మోడు భూమికి జానెడు లోపే ఉండాలి, నీళ్లు జారేటట్టు ఏటవాలుగా కోయాలి. చిగుర్లు చాలా వస్తాయి, రెండు ఉంచి మిగతావి తీసేయాలి. అట్లా చూసుకుంటే ఒక్కసారి నాటిన చెట్టు రెండు మూడు కోతలు ఇస్తుంది.

కర్ర పోయినా తొక్క, కొమ్మ, ఆకు పొలం దాటొద్దు. మిల్లు తొక్క తీసిన కర్రనే టన్ను లెక్కన కొంటుంది. ఆ తొక్కలో సున్నం సత్తువ ఎక్కువ, అది భూమికే పోవాలి. ఆకులో నూనె ఉంటది, పచ్చి ఆకు లేత మొక్కల మీద వేస్తే మొలక దెబ్బతింటది. ఎండబెట్టి పేడతో కలిపి మాగనివ్వాలి. బ్రెజిల్‌లో ఎర్నెస్ట్ గోచ్ అనే రైతు ఉన్నాడు. ఆయన బాటలో సాగు చేసేవాళ్లు కాఫీ, అరటి వరుసల మధ్య నీలగిరి పెంచి, ఏటా కొమ్మలు నరికి నేల మీద పరుస్తారు. మేం వరుసలో మధ్య మధ్యలో గిరిపుష్పం పెట్టించినాం. దాని ఆకు తొందరగా కుళ్లి నత్రజని ఇస్తది.

ఇంకో మాట, ఇది మా పనికి సంబంధించింది. ఊర్లో స్లాబు కింద సెంట్రింగ్‌కు సన్న నీలగిరి కర్రలు పెడుతున్నారు. ఇక్కడ మా సైటులో ఇనుప ప్రాప్‌కు కూడా చెకింగ్ ట్యాగ్ లేకపోతే లోడు వేయనివ్వం. పచ్చి కర్ర ఎండుతూ చివర చీలుతుంది, వంకర తిరుగుతుంది. ఏ కర్ర ఎంత మోస్తదో ఎవరికీ లెక్క ఉండదు. మీ ఇల్లు కడుతుంటే ఇనుప ప్రాప్‌లు కిరాయికి తెమ్మని మేస్త్రికి గట్టిగా చెప్పండి. కింద నిలబడేది మన మనుషులే. ఈ కర్రను కొట్టానికి, పందిరికి, కంచెకు వాడుకోండి. భూమిలో దిగే మొదలుకు చెదలు పడతాయి, ముందే మందు పూయాలి.

వేయాలనుకుంటే మే నెలలో ఇంట్లో వాళ్లతో ఒక పని చేయించండి. అనుకున్న చోట మూడడుగుల గుంత తవ్వించి వీడియో కాల్‌లో చూడండి. నడి ఎండల్లో కూడా గుంతలో నీళ్లు ఊరితే అది ఈ చెట్టు చోటే, తొలకరి పడ్డాక గట్టు మీద వరుసగా నాటండి. పొడిగా ఉంటే వేప, కానుగ, చింత చూసుకోండి. పక్క చేను బోరు ఎంత దూరమో అడగండి, ఆ రైతుతో కూడా ఒక మాట మాట్లాడించండి. నర్సరీలో ఆకు ఈనెల మీద చిన్న గడ్డలు ఉన్న మొక్క తీసుకోవద్దు, అది పురుగు పట్టింది. ఎప్పుడైనా చెట్టు వద్దనుకుంటే మోళ్లు తీయడానికి జేసీబీ ఖర్చు ఉంటది, అది కూడా లెక్కలో వేసుకోండి.

గుంత తవ్వించినవాళ్లు ఫోటో పంపండి. శుక్రవారం మేం రూమ్‌లోనే ఉంటాం, కూర్చొని చూసి చెప్తాం.