నిలువెత్తు బంగారం

మా నాన్న బరువెంతో మా క్వార్టర్లలో అందరికీ తెలుసు. గేటు దగ్గరి గార్డు అంకుల్‌కి తెలుసు, పాలు పోసే అతనికి తెలుసు, మూడో బ్లాకు తావూజీకైతే గ్రాములతో సహా తెలుసు. 2024 ఆగస్టు 15 నుంచి 2025 జనవరి 26 దాకా ఆ అంకెను నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో రాసింది మేమిద్దరమే.

ఈ కథ గురుగ్రామ్‌లో కాదు, మేడారంలో మొదలైంది. మాది హనుమకొండ. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి ములుగు జిల్లా మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. అక్కడ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మొక్కు ఉన్నవాళ్లు కాంటాలో కూర్చుని తమ బరువుకు సరిపడా బెల్లం తూచి అమ్మలకు సమర్పిస్తారు. దాన్నే నిలువెత్తు బంగారం అంటారు. నాన్నకు ఢిల్లీ వైపు బదిలీ అయినప్పుడు నానమ్మ ఆ మొక్కు మొక్కింది. 2024 ఫిబ్రవరి జాతరలో నాన్న కాంటా ఎక్కారు. దుకాణదారు ముద్ద మీద ముద్ద పెడుతూనే ఉన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ముల్లు 98 కిలోల దగ్గర ఆగింది. నానమ్మ ఒక్కతే గర్వంగా, "అమ్మలకు నిండుగ ముట్టింది బిడ్డా" అంది.

తిరిగొచ్చాక డాక్టరుగారు అంత సంతోషపడలేదు. నాన్న ఎత్తు 172 సెంటీమీటర్లు. బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ 33. మన దేశంవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. చక్కెర కూడా సరిహద్దు దగ్గర ఉందన్నారు. నాన్న తల ఊపి మందుచీటీ జేబులో పెట్టుకున్నారు. చీటీ జేబులోనే ఉండిపోయింది.

జూలైలో మా బడిలో ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలు జరిగాయి. 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, వాటితో పాటు బీఎంఐ. మాలో ఒకరి అంకె విని వరుస వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆ అంకె ఎవరిదో ఇక్కడ రాయం. ఆ రాత్రి మా ఇంట్లో ఒక కంచం ముట్టకుండానే సింకులోకి వెళ్లింది. నాన్న ఆ కంచం వైపే చాలాసేపు చూశారు. తర్వాత, "నవ్వేవాళ్లు ముందు నన్ను చూసి నవ్వనీ. నేనే అందరి ముందూ తూకానికి నిలబడతా" అన్నారు.

ఉత్తినే నిలబడితే ఏం లాభం అంది అమ్మ. అప్పుడే మాకు తులాభారం గుర్తొచ్చింది. తిరుమలలోనూ, మేడారంలోనూ మనిషి ఎంత బరువుంటే అంత దానం. మనం తిప్పి చేద్దాం, ఎంత బరువు పోతే అంత దానం అనుకున్నాం. ఇలాంటి పందాలు కొత్తేమీ కాదని నాన్న చెప్పారు. 2022 ఫిబ్రవరిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఉజ్జయిని ఎంపీ అనిల్ ఫిరోజియాకు ఒక సభలో సవాలు విసిరారు: తగ్గే ప్రతి కిలోకు నియోజకవర్గ అభివృద్ధికి వెయ్యి కోట్ల రూపాయలు. అప్పుడు 127 కిలోలున్న ఆ ఎంపీ నాలుగు నెలల్లో 15 కిలోలు తగ్గి దేశమంతటా వార్త అయ్యారు. అమ్మకు మన హైదరాబాదు గుర్తొచ్చింది. 2014లో ప్రపంచమంతా నెత్తిన ఐసు నీళ్లు కుమ్మరించుకుంటుంటే, జర్నలిస్టు మంజులత కళానిధి ఒక బకెట్టు బియ్యం పేదవాళ్లకు ఇవ్వండి చాలని రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు. నీళ్లు పారబోయకుండానే పుణ్యం!

మా క్వార్టర్ల వెనక పెద్ద భవనం కడుతున్నారు. కట్టేవాళ్లు రేకుల గుడిసెల్లో ఉంటారు. ఢిల్లీ చలిలో రేకు ఎంత చల్లబడుతుందో ముట్టుకుంటే తెలుస్తుంది. వాళ్లకు రగ్గులు ఇవ్వాలనుకున్నాం. నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. 26 ఇళ్లవాళ్లు సంతకం పెట్టారు. అందరిదీ కలిపితే కిలోకు 3,200 రూపాయలు. రగ్గు 320 రూపాయలు. అంటే నాన్న ఒక కిలో తగ్గితే పది రగ్గులు. లక్ష్యం 12 కిలోలు, 120 రగ్గులు. తావూజీ అందరికంటే ఎక్కువ రాసి, "మా హర్యానా నెయ్యి తిన్నవాడు తగ్గడు, నా డబ్బు ఎక్కడికీ పోదు" అని మీసం తిప్పారు.

ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక కిరాణా కొట్టు కాటా తెప్పించాం. 98. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో మాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి నెల పండగలా గడిచింది. జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాదు తార్నాకలోనే ఉంది. వాళ్ల ఆహార సూచనల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. నాన్న కంచంలో అప్పటిదాకా సగం అన్నం, మిగతా సగం కూడా అన్నమే. పైన పప్పు, పక్కన ఆవకాయ. అమ్మ రాత్రిపూట జొన్నరొట్టె మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున్నే ఆరావళి బయోడైవర్సిటీ పార్కుకు వెళ్లేవాళ్లం. ఒకప్పుడు గనులు తవ్వి వదిలేసిన నేల అది. ఊరివాళ్లు మొక్కలు నాటి మళ్లీ అడవి చేశారు. నాన్న అక్కడ ఆయాసంతో ఆగినప్పుడల్లా, "ఈ గుట్ట తేరుకుంది కదా, నేనూ తేరుకుంటా" అనేవారు. రోడ్ల మీద కార్లు ఆపేసి జనం నడిచే, ఆడే రాహ్‌గిరి కూడా మన దేశంలో మొదట 2013 నవంబరు 17న ఈ ఊళ్లోనే మొదలైందని మా సార్ చెబితే, నడవడానికి ఇంతకంటే మంచి ఊరు లేదనుకున్నాం.

సెప్టెంబరు 1న 95.5. అక్టోబరు 6న 93.8. బోర్డు మీద 42 రగ్గులని రాశాం. నాన్న కంటే మాకే పొగరు ఎక్కింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలోక్యాలరీలు ఉంటాయి. నాన్నలాంటి మనిషి గంటసేపు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది మూడు నాలుగు వందలు. అంటే ఒక్క కిలోకు ఇరవై రోజులకు పైగా నడక. ఒక్క దీపావళికి మాత్రం ఇరవై ఇళ్ల మిఠాయి డబ్బాలు. "ఒక్కటే తినండి" అన్న ప్రతి ఇంటివాళ్లూ మా పుస్తకంలో సంతకం పెట్టినవాళ్లే. నవంబరు 3న కాటా 94.6 చూపించింది. బోర్డు మీద 42 చెరిపి 34 రాస్తుంటే, "ఎనిమిది రగ్గులు తినేశారా సార్!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. ఇంటికొచ్చాక మేమిద్దరం నవ్వలేదు. "చలి వచ్చేస్తోంది నాన్నా, ముప్పై నాలుగంటే ఎవరికి సరిపోతాయి?" అని అడిగాం. ఆ ప్రశ్న ఎంత బరువైనదో అడిగేటప్పుడు మాకు తెలియదు.

తర్వాత పొగమంచు కమ్మింది. అది మంచు కాదు, వట్టి పొగ. నవంబరు 18 నుంచి రాజధాని ప్రాంతమంతా గ్రాప్ నాలుగో దశ అమలైంది. మాకు ఇంట్లోనే ఆన్‌లైన్ తరగతులు. బయట నడవొద్దని అందరూ చెప్పారు. నాన్న వరండాలో అటు పది అడుగులు, ఇటు పది అడుగులు వేసేవారు. అద్దంలో కాకుండా క్యాలెండరులో తనను తాను చూసుకునేవారు.

డిసెంబరు 1, ఆదివారం. కాటా 92.9 చూపించింది. మేం ఎగిరి గంతేసి 51 అని రాశాం. వెనక్కి తిరిగేసరికి నాన్న కాటా పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. ఆ చలిలో ఆయన నుదురంతా చెమట. నాలుగో బ్లాకు నర్సు ఆంటీ పరుగున వచ్చి నాడి చూశారు. అప్పుడు తెలిసింది, శుక్రవారం రాత్రి నుంచి నాన్న ఏమీ తినలేదు. శనివారం మధ్యాహ్నం నుంచి నీళ్లు కూడా తాగలేదు. ఆఫీసు డబ్బా ఖాళీగానే వచ్చేది కదా అనుకున్నాం. అందులో అన్నం ఎవరు తిన్నారో మేం అడగలేదు.

ఆస్పత్రిలో సెలైను పెట్టి సాయంత్రానికి పంపించారు. "ఇలా తగ్గేది కొవ్వు కాదు, ఒంట్లో నీళ్లు. నీళ్లతో, ఉప్పుతోనే బరువు రోజుకు కిలో రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతుంది" అన్నారు డాక్టరుగారు. మూడు రోజుల తర్వాత తిని తాగిన నాన్న బరువు 94.5. నాన్న తానే వెళ్లి బోర్డు మీద 51 చెరిపి 35 అని రాసి వచ్చారు. ఆ మెట్లు దిగేటప్పుడు ఆయన నడక చూశాం. అంతకుముందు ఏ తూకం నాడూ ఆయన అంత బరువుగా కనిపించలేదు.

ఆ రాత్రి అమ్మ మా నోటుపుస్తకం తీసుకుని మా ఎదురుగా కూర్చుంది. కోప్పడలేదు. "వాళ్ల చలికీ మీ నాన్న పొట్టకూ ఏం సంబంధం?" అని మాత్రం అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. గుడిసెల్లో పసిపిల్లకు రగ్గు కావాలంటే నాన్న ముద్ద మానాలా? నాన్న పండగనాడు లడ్డు తింటే ఆ పిల్ల వణకాలా? ఉజ్జయిని సంగతి కూడా అప్పుడు మళ్లీ ఆలోచించాం. ఎంపీగారు తగ్గినా తగ్గకపోయినా ఊరికి రోడ్లు కావలసిందే కదా. పందెం ముచ్చటగా ఉంటుంది, నలుగురూ చూస్తారు, అందుకే డబ్బు వస్తుంది. కానీ అవసరం పందెం గెలిచేదాకా ఆగదు.

మర్నాడు మేం ముగ్గురం మళ్లీ ఇల్లిల్లూ తిరిగాం. ఈసారి కిలోల మాట ఎత్తలేదు. "చలి వచ్చేసింది, మొత్తం డబ్బు ఇప్పుడే ఇవ్వగలరా?" అని అడిగాం. మొదట తావూజీ తలుపే కొట్టాం. ఆయన లోపలికి వెళ్లి పన్నెండు కిలోల డబ్బూ తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, "నెయ్యి గురించి నేను అలా అనకుండా ఉండాల్సింది బేటీ" అన్నారు. 22 ఇళ్లవాళ్లు పూర్తిగా ఇచ్చారు. నాలుగు ఇళ్లవాళ్లు పందెం పందెమే అన్నారు. వాళ్లను తప్పుపట్టలేం, ఆ నియమం రాసింది మేమే. 33,600 రూపాయలు, 105 రగ్గులు. డిసెంబరు 15న పంచాం. ఒక ముసలాయన రగ్గు తీసుకుని నాన్న వైపు చూసి, "ఈ సార్‌కి ఒంట్లో బాగాలేదన్నారు, ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు. తూకం గురించి అడగని మొదటి మనిషి ఆయనే.

అక్కడితో ఆపేస్తారేమో అనుకున్నాం. నాన్న ఆపలేదు. కాకపోతే బోర్డు తీసేయించారు. పొగ తగ్గిన రోజుల్లో నడక, తగ్గని రోజుల్లో ఇంట్లోనే సూర్యనమస్కారాలు. మధ్యాహ్నం డబ్బా ఖాళీగా వస్తే ఎవరు తిన్నారని అడగడం మా పని. సంక్రాంతికి నానమ్మ డబ్బా నిండా సకినాలు పంపింది. ఫోనులో, "ఏంది బిడ్డా, బక్కగైనవట, కడుపు నిండ తింటున్నవా లేదా?" అని ఏడ్చినంత పని చేసింది. నాన్న రెండు సకినాలు తిని మూత పెట్టారు. తినడం ఎంత ముఖ్యమో మూత పెట్టడమూ అంతే ముఖ్యమని ఆ రోజు చూశాం.

జనవరి 26న చివరి తూకం. 91 కిలోలు. పన్నెండు అనుకుంటే ఏడు. ఆ నాలుగు ఇళ్లవాళ్లు మాట ప్రకారం కిలోకు నాలుగు వందల లెక్కన 2,800 ఇచ్చారు. గుడిసెల్లో పిల్లలకు టోపీలు, మేజోళ్లు వచ్చాయి. నిజం చెప్పాలంటే మా నాన్న పందెం ఓడిపోయారు. కానీ ఈసారి కాటా దిగి తన కాళ్ల మీద నడిచి ఇంటికొచ్చారు.

2025లో సీబీఎస్‌ఈ బడుల్లో షుగర్ బోర్డులు పెట్టమంది. పిల్లలు తినే క్యాలరీల్లో చక్కెర వాటా 5 శాతం మించకూడదట. నాలుగు నుంచి పదేళ్ల వాళ్లలో 13 శాతం, పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లలో 15 శాతం ఉంటోందట. మా తరగతి బోర్డు తయారుచేసే పని మేమే అడిగి తీసుకున్నాం. కూల్‌డ్రింకులో, బిస్కెట్లలో ఎంత చక్కెర ఉందో రాశాం. ఎవరి బరువూ రాయలేదు. ఆ ఏడాది బీఎంఐ కొలిచిన రోజు మాలో ఆ ఒకరు వరుసలో ముందు నిలబడ్డారు. అంకె పెద్దగా మారలేదు. వెనక నుంచి నవ్వు వినిపించిందో లేదో అడిగితే, "ఏమో, నేను వినలేదు" అన్నారు.

2026 జనవరిలో మళ్లీ మేడారం జాతర. నాన్న మళ్లీ కాంటా ఎక్కారు. 87. నానమ్మ ముఖం చిన్నబోయింది. "పదకొండు కిలోల బంగారం తక్కువ ముట్టింది గదరా అమ్మలకు" అంది. నాన్న నవ్వి ఇంకో పదకొండు కిలోల బెల్లం కొన్నారు. మేడారం బంగారం నలుగురికీ పంచుకోవాలి, అది ఆనవాయితీ. ఆ పదకొండు కిలోలూ రైల్లో మాతో పాటు గురుగ్రామ్ వచ్చాయి. వెనక గుడిసెల్లో ఇంటింటికీ ఒక ముక్క పంచాం. తావూజీ రెండు ముక్కలు అడిగారు.

ఒకటే ఇచ్చాం.