బ్రో, భియా

చిరాగ్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడితే అయిదు భాషలు వినబడతాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ, మా తండాల గోర్ బోలి. కర్ణాటక సరిహద్దు కదా! లారీ డ్రైవర్లు ఎవరినైనా "భాయ్" అనే పిలుస్తారు. ఇప్పుడు మా బడి పిల్లల నోట ఇంగ్లీషు పిలుపు కూడా చేరింది: "బ్రో".

మొదట్లో ఆ మాట వింటే నాకు చిరాకు. అన్నా, తమ్మీ అనడానికి ఏమొచ్చిందని కసిరేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్న భోజనం వరుసలో ఊరి పిల్లవాడొకడు తండా పిల్లవాణ్ణి "బ్రో, ముందుకు రా" అని పిలిచాడు. ఆ పిలుపు నీకు నచ్చిందా అని తర్వాత తండా పిల్లవాణ్ణి అడిగాను. "నచ్చింది సార్. ఇంతకుముందు 'ఏయ్ లంబాడోడా' అనేటోళ్లు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నా చిన్నప్పుడు నన్నూ అలాగే పిలిచారు, పేరు తెలిసినవాళ్లు కూడా.

ఆ వారమే దాని మీద పాఠం చెప్పాను. బ్రో అంటే బ్రదర్‌కు పొట్టి రూపం. తెలుగులో అన్న వేరు, తమ్ముడు వేరు. బ్రదర్‌లో పెద్దా చిన్నా తేడా లేదు. అందుకే బ్రో సమానుల మధ్య పిలుపు. అమెరికాలో వివక్షను ఎదిరించిన నల్లజాతి వాళ్లు కూడా ఒకరినొకరు బ్రదర్ అని పిలుచుకున్నారు. 2023లో ఆ పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది. దోస్తుతో అనొచ్చు. సెలవు చీటీలో, ఇంటర్వ్యూలో, పెద్దల ముందు మాత్రం పనికిరాదు.

తర్వాత బోర్డు మీద నాలుగు మాటలు రాశాను: సంస్కృతం భ్రాత, ఉర్దూ భాయ్, ఇంగ్లీషు బ్రదర్, గోర్ బోలి భియా. నాలుగూ ఒకే మూలం నుంచి చీలినవని చెప్పాను. "భియా" అని చూడగానే తండా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఇంటి భాష నుంచే పాఠం మొదలుపెట్టాలని టీచర్ ట్రైనింగులో పరీక్ష రాసి పాసైనవాణ్ణే. అయినా ఇన్నేళ్లలో మా మాటను బోర్డు మీద రాయడం నాకూ అదే మొదటిసారి.

తోటి టీచర్లకు ఒక మనవి. పిల్లల మాటను కొట్టేసే ముందు అది ఎందుకు నచ్చిందో అడగండి. తమ్ముళ్లారా, మీరు దోస్తును బ్రో అనండి, తప్పులేదు. కానీ మీ అన్న పనిబట్టలతోనే బడి గేటు దగ్గరికి వచ్చిన రోజు, పదిమందిలోనూ "భియా" అనే పిలవండి.