ఇంటికప్పు నేర్పిన పాఠం

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి సిమెంటుతో, ఇనుముతో పనియేమిటని చదువరులు అడుగవచ్చు. ఆ పని నాకు మా ఇంటికప్పే కల్పించింది.

మా అమ్మ దివిసీమ ఆడపడుచు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు ఏడేండ్లు. పూరిపాకలు, మట్టిగోడలు నీటిపాలైన ఆనాడు ఎవరో ఆమెను ఒక డాబామీదికి చేర్చారు, అందుకే బ్రతికింది. ప్రభుత్వ లెక్కలలోనే మృతులు దాదాపు పదివేలు. నాటినుండి శ్లాబుపై ఆమెకు అచంచల విశ్వాసం. "డాబా ఉన్నవాడికి భయమేమిటి బేటా" అంటూ ఉండేది.

మచిలీపట్నంలో నాన్నగారు కట్టించిన మా ఇంట్లో, సరిగ్గా అమ్మ మంచానికి పైన, శ్లాబుకు గోధుమరంగు చారతో సన్నని పగులు కనిపించింది. మేస్త్రిని పిలిచి సిమెంటు పూయించి, సున్నం కొట్టించి నిశ్చింతగా ఉన్నాను. మరుసటి వర్షాకాలానికి పగులు మళ్ళీ తేలింది. ఇంటర్మీడియట్‌లో నా వద్ద తెలుగు చదివి, ఇప్పుడు గుడివాడలో ఇంజనీరుగా ఉన్న శిష్యుడు వచ్చి చిన్న సుత్తితో తట్టాడు. డొల్లగా మోగింది.

"మాస్టారూ, హెచ్చరిక చేసిన నోటినే మీరు మూయించారు" అన్నాడు.

ఆనాడు గురువు అతడు, విద్యార్థిని నేను. కాంక్రీటు ఒత్తిడిని ఓర్చుకొంటుంది గాని లాగుడును ఓర్వలేదు. బరువుకు శ్లాబు వంగినప్పుడు నడుమ అడుగుభాగం లాగబడుతుంది. ఆ లాగుడును భరించడానికే అక్కడ చువ్వలు. గోడనుండి ముందుకు వచ్చే సన్‌షేడులో లాగుడు పైవైపున. అక్కడ చువ్వలు పైననే ఉండాలి. ఇనుము మితిమీరి వేస్తే అది సాగకముందే కాంక్రీటు నలిగి, కప్పు హఠాత్తుగా కూలవచ్చు. తగుమాత్రంగా వేస్తే ముందు చువ్వ సాగుతుంది, శ్లాబు క్రుంగుతుంది, పగుళ్ళు విచ్చుకొంటాయి. లోపలివారు బయటపడే వ్యవధి దొరుకుతుంది. ఈ సాగే గుణమే పాఠ్యపుస్తకాలలోని 'తాంతవత'. తంతువునుండి పుట్టిన మాటగా దానిని నేను ఏనాటినుండో ఎరుగుదును. అర్థం మాత్రం ఆనాడే తెలిసింది.

సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోనికి ఇంకి చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగులగొడుతుంది. తుప్పు తిన్న చువ్వకు బలంతోపాటు సాగే గుణమూ తరుగుతుంది. అప్పుడు హెచ్చరిక కూడ అందకపోవచ్చు. అందుకే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 తీరపు గాలికి నేరుగా గురియయ్యే కాంక్రీటులో చువ్వపై 45 మిల్లీమీటర్ల పొర ఉండాలంటుంది. మా శ్లాబులో వ్రేలిమందమైనా లేదు.

అమ్మ మంచం వరండాలోనికి మారింది. కప్పుకు ఊతకర్రలు పెట్టి, వదులైన కాంక్రీటు రాల్చి, చువ్వలు శుభ్రపరచి, కొత్తవి జోడించి బాగుచేయించాము. ఇప్పుడు ప్రతి వర్షాకాలానికి ముందు అమ్మ నాచేత కప్పు తట్టించి, చెవి ఒగ్గి ఆ చప్పుడు వింటుంది.

విద్యార్థులారా! రేపు మీరును ఇండ్లు కట్టుకొంటారు. చువ్వల క్రింద పెట్టే బిళ్ళల వద్ద పొదుపు చూపకండి. పగులు కనిపించిన నాడు సున్నపు బొక్కెన తేవడానికి ముందు సుత్తి తెండి.